స్వచ్ఛందంగా తూములోకి

అమెరికాలో పళ్ల డాక్టర్లంత మర్యాదస్తులు ఇంకెవరూ ఉండరు. ఫలానా పని చెయ్యండి అంటే ఒక్క మాటకు ఒప్పేసుకుంటారు. సభ పెట్టి ఒప్పుకుంటారు, తీర్మానం చేసి ఒప్పుకుంటారు, కరపత్రం అచ్చేసి మరీ ఒప్పుకుంటారు. చెయ్యడం దగ్గరే కాస్త ఆలస్యం. ఎంత ఆలస్యమంటే, ఒప్పుకున్న రోజున పాలపళ్లు ఊడుతున్న పిల్లవాడు, పని పూర్తయ్యేసరికి జ్ఞానదంతం పీకించుకుని, పెళ్లి చేసుకుని, తన పిల్లల్ని అదే కుర్చీలో కూర్చోబెడతాడు.

ఇంతకీ ఆ పని ఏమిటయ్యా అంటే, క్లినిక్ వెనక గదిలో, సక్షన్ పంపు దాకా పోయే గొట్టానికి మధ్యలో ఒక డబ్బా తగిలించడం. చిన్న బకెట్టంత ఉంటుంది. పేరు అమాల్గం సెపరేటరు. లోపల అద్భుతాలేం లేవు. నీళ్ల వేగం తగ్గుతుంది, బరువైన రేణువులు అడుగుకు దిగుతాయి, తేరిన నీళ్లు పైనుంచి పోతాయి. కొన్ని రకాల్లో అదనంగా ఒక ఫిల్టరు ఉంటుంది. నిండితే అడుగు డబ్బా తీసి రీసైక్లింగ్ వాళ్లకు పంపి, కొత్తది పెట్టుకోవాలి. వచ్చిన లోహపు రేణువుల్లో బరువు లెక్కన నూటికి 95 పాళ్లకు తగ్గకుండా పట్టాలని అంతర్జాతీయ ప్రమాణం కూడా ఎప్పుడో వచ్చేసింది. ఇందులో కనిపెట్టాల్సింది ఏమీ మిగల్లేదు. తగిలించడమే మిగిలింది.

ఆ గొట్టంలో ఏం పారుతుందో చూడాలంటే కుర్చీ దగ్గరికి రావాలి. ఎప్పుడో పెట్టించుకున్న సిల్వర్ ఫిల్లింగు అంచులు విరిగాయి, కింద మళ్లీ పుచ్చింది. డాక్టరు డ్రిల్లు ఆన్ చేస్తాడు. పక్కనుంచి నీళ్లు చిమ్ముతుంటాయి. నాలుగు క్షణాల్లో నోటినిండా బూడిదరంగు నీళ్లు. అసిస్టెంటు సక్షన్ గొట్టాన్ని దవడ పక్కన ఆనించి గర్రుమని లాగేస్తుంది. నీళ్లలో కలిసిన ఆ పొడిలో సగం బరువు పాదరసం, మిగతాది వెండి, తగరం, రాగి. ముక్కలు ముక్కలుగా ఊడినవి కుర్చీ దగ్గరున్న చిన్న జల్లెడలో ఆగుతాయి. మెత్తగా నలిగినవి ఆగవు. జల్లెడ నిండాక దాన్ని చెత్తబుట్ట అంచుకేసి కొట్టి దులపకూడదు, సింకులో పెట్టి కడగకూడదు. ఈ మాట డాక్టర్ల సంఘమే తన సభ్యులకు రాసి ఇచ్చింది. చాలా చక్కగా రాసింది. చదివితే ఇంకా బాగుండేది.

తూము దాటాక అది డాక్టరు సొత్తు కాదు, ఊరి సొత్తు. మునిసిపాలిటీ శుద్ధి కేంద్రాలకు చేరే పాదరసంలో పెద్ద వాటా పళ్ల క్లినిక్కులదేనని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, అదే ఈపీఏ, చెబుతూ వచ్చింది. శుద్ధి కేంద్రానికి పాదరసాన్ని మాయం చేసే విద్య రాదు. నూటికి తొంభై పాళ్లు తీసుకెళ్లి అడుగు బురదలో దింపుతుంది. ఆ బురదను కొన్ని ఊళ్లలో కాలుస్తారు, అప్పుడది గాల్లోకి లేస్తుంది. కొన్ని ఊళ్లలో పూడుస్తారు. కొన్ని ఊళ్లలో పొలాలకు ఎరువుగా తోలతారు. మిగిలిన పదో పాలు నదిలోకి. అక్కడ గాలాడని మడ్డిలో సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. చిన్న చేపలో కొంచెం, దాన్ని మింగిన చేపలో ఇంకొంచెం, దాన్నీ మింగిన చేపలో బాగా ఎక్కువ. అలా పోగై పోగై ఒక గర్భిణి పళ్లెంలోకి వస్తుంది. ఆవిడకు ప్రభుత్వం ఇచ్చే సలహా: అమ్మా, ఫలానా ఫలానా చేపలు ముట్టుకోకు. డాక్టరుగారికి ఇచ్చిన సలహా: వీలైతే, కుదిరితే, తమకు ఇష్టమైతే, ఒక డబ్బా పెట్టుకోండి. ఊరు మీద ఊరు పడ్డా కరణం మీద కాసు పడదని మనవాళ్లు ఊరికే అనలేదు.

డాక్టర్ల సంఘం వాదనలూ వినాలి కదా, విందాం. ఒకటి, లోకంలో తిరిగే పాదరసం మొత్తంలో మాది చిటికెడు. అసలు నేరస్థులు బొగ్గు కరెంటు కేంద్రాలు. నిజమే. బొగ్గు గొట్టాల ముందు పంటి గొట్టం ఎంత! అయితే బొగ్గు కేంద్రం పొగలోంచి పాదరసాన్ని పట్టుకోవడానికి ఎంత యంత్రాంగం కావాలో, ఇక్కడ ఒక డబ్బా చాలు. అతి చవకగా ఆపగలిగినదాన్ని అన్నిటికన్నా చిన్నది కాబట్టి ఆపక్కర్లేదనడానికి ఎంతో చదువుకుని ఉండాలి. రెండు, అమాల్గంలో పాదరసం ఇతర లోహాలతో గట్టిగా పెనవేసుకుని ఉంటుంది, ఊరికే విడిపోదు. అదీ చాలావరకు నిజమే, బురదను కాల్చనంత వరకు. బ్లీచింగ్ కలిపిన ద్రావకంతో సక్షన్ గొట్టాలు కడగనంత వరకు కూడా. క్లోరిన్ తగిలితే ఆ పెనవేత సడలి పాదరసం నీళ్లలో కరుగుతుంది. అందుకే తర్వాత వచ్చిన నియమంలో, గొట్టాలు కడగడానికి బ్లీచ్ వాడొద్దని విడిగా రాయాల్సి వచ్చింది.

నోట్లో ఉన్న ఫిల్లింగు ఆరోగ్యానికి మంచిదా చెడ్డదా అన్న తగాదా వేరే. అది నూట ఎనభై ఏళ్ల పాత తగాదా, అందులోకి నేను దిగను. కానీ దాని చరిత్రలో ఒక ముచ్చట ఉంది, చెప్పకుండా ఉండలేను. 1833లో క్రాకూర్ అనే ఇంటిపేరున్న అన్నదమ్ములు న్యూయార్క్‌లో దిగి, పాదరసం ముద్దకు రాచమర్యాదల పేరొకటి తగిలించి ఊళ్లో పళ్లన్నీ పూడ్చడం మొదలెట్టారు. బంగారు రేకుతో పూడ్చే పెద్ద డాక్టర్లకు ఒళ్లు మండింది. 1840లో పుట్టిన వాళ్ల సంఘం, పాదరసం ముట్టబోమని సభ్యులందరి చేతా సంతకాలు పెట్టించింది. పెట్టనివాళ్లకు చోటు లేదు. అప్పుడు ఎవరి నోటా స్వచ్ఛందం అనే మాట రాలేదు. పోటీదారుడి బేరం దెబ్బతీయాలన్నప్పుడు నిర్బంధం ధర్మం. సొంత తూముకు మూత పెట్టాలన్నప్పుడు స్వేచ్ఛ ధర్మం. ఆ ఒట్ల సంఘం 1856లో మూతపడింది, ఇప్పుడున్న అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 1859లో పుట్టింది. అప్పణ్నుంచి ఒట్లంటే పడదేమో మరి.

స్వచ్ఛందం ఫలించదని నేను కుళ్లుబోతుతనంతో అనడం లేదు. ప్రయోగం చేసి చూశారు. వాషింగ్టన్ రాష్ట్రంలో కింగ్ కౌంటీ అని ఉంది. సియాటిల్, బెల్లెవ్యూ, రెడ్మండ్ అన్నీ అందులోవే. అంటే గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వెళ్లిన మన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆదివారం మధ్యాహ్నం ఇంటికి ఫోన్లు చేసే ఊళ్లు. (వాళ్లను చూడ్డానికి ఆర్నెల్లు వెళ్లే అమ్మానాన్నలు ఈ లెక్కలోకి రారు. అక్కడి పంటి బిల్లుల సంగతి ముందే విని, ఊళ్లోనే పని కానిచ్చుకుని విమానం ఎక్కుతారు.) ఆ కౌంటీ వాళ్లు 1990ల్లో ఆరేళ్లపాటు డాక్టర్లను బతిమాలారు. కరపత్రాలు పంచారు, పోస్టర్లు పంపారు, క్లినిక్కులకు వెళ్లి చూపించి చెప్పారు. సుమారు 900 క్లినిక్కులుంటే, ఆరేళ్ల వేడుకోలు తర్వాత డబ్బా పెట్టినవి 24. నేరుగా ఆ డాక్టర్ల ఇళ్ల గుమ్మాల్లో నిలబడి దండకం చదివినా ఇంతకన్నా ఎక్కువే పెట్టేవారు.

2001లో కౌంటీకి జ్ఞానోదయం అయింది. బతిమాలడం మానేసి, 2003 జూలై నాటికి పెట్టి తీరాలని ఒక కాగితం పంపింది. గడువు వచ్చేసరికి దాదాపు అందరూ పెట్టేశారు! ఏ క్లినిక్కూ మూతపడలేదు, ఎవరి పళ్లూ రాలిపోలేదు. శుద్ధి కేంద్రం బురదలో పాదరసం సగానికి దిగింది. ఆ బురద తూర్పు వాషింగ్టన్‌లో గోధుమ పొలాలకు పోతుంది కాబట్టి, దిగడం వల్ల లాభపడినవాళ్లు చాలా దూరంలో ఉన్నారు. వాళ్లెవరూ డాక్టర్ల మహాసభకు పిలుపు అందుకోరు. కెనడాలో టొరంటో కూడా 2002 ప్రాంతంలో ఇలాగే మురుగు నిబంధనలో డబ్బా తప్పనిసరి చేసింది. అక్కడా అదే ఫలితం.

ఇంత స్పష్టంగా తేలాక ఒక జాతీయ ప్రభుత్వం ఏం చెయ్యాలి? ఈపీఏ ఏం చేసిందంటే, 2008 డిసెంబరు 29న అమెరికన్ డెంటల్ అసోసియేషన్‌తోనూ, మురుగు శుద్ధి సంస్థల జాతీయ సంఘంతోనూ కూర్చుని, డబ్బాలు స్వచ్ఛందంగా పెట్టేటట్టు ప్రోత్సహిద్దాం అని అవగాహన పత్రం మీద సంతకం చేసింది. బుష్ ప్రభుత్వం దిగిపోవడానికి మూడు వారాల ముందు. మన వైపు ధనుర్మాసంలో పెళ్లి మాట కూడా ఎత్తరు. అమెరికాలో పాదరసానికి మాత్రం ముహూర్తం ఆ నెలలోనే కుదురుతుంది.

రుజువు కావాలా? అప్పటికి డజను దాకా రాష్ట్రాలు ఎవరి దారిన వాళ్లు డబ్బా తప్పనిసరి చేసుకున్నాయి. చూసి చూసి ఈపీఏ దేశమంతటికీ ఒకే నియమం రాస్తామని 2010లో ప్రకటించి, 2014 అక్టోబరులో ముసాయిదా తెచ్చింది. నాలుగేళ్లు. డబ్బా బొమ్మ గీయడానికి అంత సమయం పట్టి ఉండదు కాబట్టి తక్కిన కాలం ఆలోచనలో గడిచిందనుకోవాలి. అసలు నియమం మీద సంతకం పడింది 2016 డిసెంబరు 15న. మళ్లీ డిసెంబరు, మళ్లీ దిగిపోతున్న ప్రభుత్వం, ఈసారి ఒబామాది. ఇన్నాళ్లు సాగదీసిన డాక్టర్ల సంఘం కూడా ఇది సబబుగానే ఉందంది. అందరూ ఒప్పుకున్నారు, డబ్బాకు మంచి రోజులొచ్చాయి అనుకుంటున్న సమయానికి ట్రంప్ ప్రభుత్వం వచ్చింది. గెజిట్‌లో అచ్చు కాని నియమాలన్నీ వెనక్కి తెప్పించండి అని తొలిరోజే ఆదేశం. పళ్ల డబ్బా ఆ గుంపులో చిక్కుకుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ దృశ్యాన్ని తనివితీరా చూడాలి. నియమం వద్దని పరిశ్రమ అనడం లేదు. మురుగు శాఖలు అనడం లేదు. డబ్బాలు తయారుచేసేవాళ్లు అసలే అనరు. వ్యతిరేకించేవాడు ఒక్కడూ లేని నియమాన్ని ప్రభుత్వం తనంతట తాను, పూర్తి స్వచ్ఛందంగా, వెనక్కి లాక్కుంది! నేచురల్ రిసోర్సెస్ డిఫెన్స్ కౌన్సిల్ అనే పర్యావరణ సంస్థ ఫిబ్రవరిలో కోర్టుకెక్కింది. జూన్‌లో నియమం గెజిట్‌కెక్కింది. అమలుకు మూడేళ్ల గడువు, అంటే 2020 జూలై 14. అమలు రోజు వచ్చేసరికి కోవిడ్. అప్పుడు మాస్కు మాటున ఉన్న అమెరికాలో ఎవరి నోట్లో ఏముందో ఎవరికీ పట్టలేదు.

ఈ ప్రహసనం అంతా ఎంత ఖర్చును తప్పించుకోవడానికి? ఈపీఏ లెక్క ప్రకారం అమాల్గం పెట్టేవో తీసేవో అయిన క్లినిక్కులు దేశం మొత్తంలో లక్షా మూడు వేలు. నియమం వల్ల ఏటా మురుగులోకి పోకుండా ఆగే పాదరసం 5.1 టన్నులు. మొత్తం ఖర్చు ఏడాదికి 5.9 కోట్ల నుంచి 6.1 కోట్ల డాలర్లు. క్లినిక్కు ఒక్కింటికి సగటున ఏడాదికి సుమారు 800 డాలర్లు. ఆ దేశంలో ఒక పంటికి తొడుగు వేయించుకుంటే అయ్యే బిల్లు దాన్ని దాటుతుంది. అంటే ఏడాది పొడవునా కుర్చీలో కూర్చున్నవాళ్లలో ఒక్కరు, ఒకే ఒక్కరు, ఒక్క పంటికి చెల్లించేదాంతో ఊరి నది బతుకుతుంది. దానికి పాతికేళ్ల చర్చ.

నియమం వచ్చాక మాత్రం గట్టిగానే ఉందా అంటే, ఉంది, దాని మర్యాద దానిది. తూములోంచి పోయే నీళ్లలో పాదరసం ఇంతకు మించకూడదు అనే అంకె అందులో లేదు. డబ్బా పెట్టు, తయారుచేసినవాళ్లు చెప్పినట్టు తనిఖీ చెయ్యి, నిండితే మార్చు, బ్లీచ్ వాడకు, పాత ముక్కలు తూములో వెయ్యకు. నీళ్లు పట్టి పరీక్ష చేయించాల్సిన పని లేదు. ఇవన్నీ పాటిస్తున్నానని డాక్టరు ఒక నివేదిక ఇవ్వాలి. ఏటా కాదు. ఒక్కసారి. క్లినిక్ చేతులు మారితే కొత్త యజమాని తొంభై రోజుల్లో ఇంకోటి ఇవ్వాలి. ఇక్కడ బీడీఎస్ చేసి, అక్కడ మళ్లీ పరీక్షలు రాసి, మళ్లీ చదివి, నెత్తిన కొండంత అప్పుతో క్లినిక్ కొనుక్కునే మన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లకు ఒక ఉచిత సలహా ఇస్తాను. సంతకానికి ముందు కుర్చీల తోలు, ఎక్స్‌రే మిషను, గోడ మీద నవ్వుతున్న పిల్లల ఫొటోలు చూస్తారు కదా. వెనక గదిలోకి వెళ్లి, డబ్బా మీద చివరిసారి మార్చిన తేదీ కూడా చూడండి. పాత యజమాని ఇచ్చిన నివేదికలో అది ఎప్పటికీ కొత్తగానే ఉంటుంది.

అమెరికాను అని మిగతా లోకాన్ని వదిలేస్తే పక్షపాతం అవుతుంది. పాదరసం మీద ప్రపంచ ఒప్పందం ఒకటుంది, మినమాటా పేరు మీద. జపాన్‌లో చిస్సో కంపెనీ దశాబ్దాలపాటు సముద్రపు కయ్యలోకి పాదరసం వదిలితే, ఆ చేపలు తిన్న బెస్త కుటుంబాల్లో కాళ్లూ చేతులూ వంకర్లు పోయిన ఊరు అది. 1956లో ఆ జబ్బు అధికారికంగా బయటపడింది. ఒప్పందం కుదిరింది 2013లో. దాన్ని అందరికన్నా ముందు ఆమోదించిన దేశం ఏదనుకున్నారు? అమెరికాయే, అదే ఏడు నవంబరులో. డబ్బా తప్పనిసరి అయింది దానికి ఏడేళ్ల తర్వాత.

ఆ ఒప్పందంలో పళ్ల పాదరసం గురించిన భాగం చదివితే నాకు మన ఇంటర్ ప్రశ్నపత్రం గుర్తొచ్చింది. మొత్తం తొమ్మిది చర్యలిచ్చారు. వాటిలో ఏవేని రెండింటిని చేయుడి! పిప్పిపళ్లు రాకుండా జాతీయ లక్ష్యాలు పెట్టుకోవడం ఒకటి. ప్రత్యామ్నాయాల మీద పరిశోధన ఒకటి. కాలేజీల్లో శిక్షణ ఒకటి. బీమా పాలసీల మీద రెండు. నీళ్లలోకీ నేలలోకీ పాదరసం పోకుండా క్లినిక్కుల్లో మంచి పద్ధతులు ప్రోత్సహించడం చిట్టచివరి తొమ్మిదో ప్రశ్న. పిప్పిపళ్ల లక్ష్యమూ పరిశోధనా రాసి పేపరు ఇచ్చేస్తే చాలు. సముద్రంలో పడ్డ పాదరసం వల్ల పుట్టిన ఒప్పందంలో, నీళ్లలోకి పోయే పాదరసాన్ని ఛాయిస్‌లో వదిలేయొచ్చు.

భారతదేశం 2018 జూన్‌లో ఈ పరీక్షకు కూర్చుంది. మన దగ్గర డెంటల్ కాలేజీలో చదివిన కాస్త పాత బ్యాచ్‌లవాళ్లను అడిగితే చెబుతారు: చిన్న కల్వంలో వెండి పొడి వేసి, సీసాలోంచి పాదరసం వొంపి, చెయ్యి నొప్పెట్టేదాకా నూరి, ఆ ముద్దను గుడ్డలో వేసి పిండితే ఎక్కువైన పాదరసం చుక్కలు చుక్కలుగా బయటికొచ్చేది. గింజలు గింజలుగా బల్ల మీద దొర్లేది. నూరడానికి మార్కులుండేవి. పిండిన చుక్కలు ఏమయ్యాయో చెప్పడానికి మార్కులున్నట్టు ఎవరి నోటా వినలేదు. ఇలా సీసాల్లో విడిగా ఉండే పాదరసాన్ని పళ్ల డాక్టర్లు వాడకూడదని ఒప్పంద దేశాలు 2022లో తేల్చాయి. క్యాప్సూల్‌లో ముందే కొలిచి పెట్టినదైతే ఫరవాలేదు. దానివల్ల పాదరసం ఒలకడం తగ్గుతుంది. పాత ఫిల్లింగు తీసినప్పుడు తూములోకి పోయేదానికి మాత్రం అది క్యాప్సూల్‌లోంచి వచ్చిందా కల్వంలోంచి వచ్చిందా అన్న పట్టింపు లేదు.

2025 నవంబరులో జెనీవాలో కూర్చున్న దేశాలు ఇంకో అడుగు ముందుకేసి, 2034 నాటికి అమాల్గం ఫిల్లింగులకు స్వస్తి చెబుదామన్నాయి. సంతోషం. కానీ నిషేధం ఆపేది పెట్టడాన్ని, తీయడాన్ని కాదు. గడువు ముందురోజు ఒక కుర్రాడికి పెట్టిన ఫిల్లింగు పది పదిహేనేళ్లు శుభ్రంగా నమిలి, ఆ తర్వాతెప్పుడో డ్రిల్లు కిందికి వస్తుంది. క్లినిక్కుల నుంచి మురుగులోకి పోయేదాంట్లో పెద్ద భాగం ఇలా తీసేసిన పాతదే. ఐరోపా ఈ వరస తెలిసి నడిచింది. 2019 జనవరిలో డబ్బా తప్పనిసరి చేసి, ఆరేళ్లాగి 2025 జనవరిలో అమాల్గం ఆపింది. ముందు తూము, తర్వాత ముద్ద. మిగతావాళ్లు వరస తిరగేసి, ముద్ద ఎలాగూ పోతోంది కదా, ఇప్పుడు కొత్తగా డబ్బాల ఖర్చు ఎందుకండీ అనడానికి గొంతు సవరించుకుంటున్నారు. ఆ మాట అనేవాళ్లెవరైనా మీకు ఎదురైతే వాదన పెట్టుకోకండి. నోరు పెద్దగా తెరవమనండి. టార్చి వేసి, వెనక దవడల్లో నల్లగా మెరిసేవి ఎన్నున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. అదంతా తూము దాకా ఇంకా రాని సరుకు.